ఆకలి నీళ్ళు

పోయిన వారం రుక్మిణిని చేపల తొట్టి ముందు మోకాళ్ళ మీద కూలబడినచోటే వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అలాగే ఉంది. కుడి అరచేతిలో చచ్చిపోయిన రొయ్య. వేలెడంత పొడవు, ఒళ్ళంతా ఎర్రచారలు. నిన్న సాయంత్రం దాకా నీళ్ళలో వేలు పెడితే చాలు, ఆ రొయ్య పరుగెత్తుకొచ్చి గోళ్ళు శుభ్రం చేసేది. గోరింటాకు పెట్టుకున్న వేలంటే దానికి మరీ ఇష్టమని మధుకు ఫోన్లో చెప్పి నవ్వించింది కూడా.

ఈ ఇంట్లోకి ఇవాళే అడుగు పెడుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. రుక్మిణికి పెళ్ళయి నాలుగు నెలలు. పుట్టిల్లు అల్వాల్, అత్తిల్లు మారేడ్‌పల్లి. మొగుడు మధుసూదన్ బేగంపేటలో ఉద్యోగం చేస్తాడు, ఇంటికొచ్చి చేపలు పెంచుతాడు. అవి అలాంటిలాంటి చేపలు కావు. హాల్లో రెండువందల లీటర్ల ఉప్పునీళ్ళ తొట్టి, అందులో నారింజరంగు ఒంటి మీద తెల్లపట్టీలున్న క్లౌన్ చేపల జంట, అవి దాక్కోవడానికి గాలికి ఊగే పువ్వులాంటి అనిమోన్. అది నిజానికి జంతువే అయినా రుక్మిణి దాన్ని పువ్వనే పిలుస్తుంది. ఆ జంట గుడ్లు పెడితే చూడాలని మధు మూడేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఆఫీసువాళ్ళు అతన్ని మూడు వారాల ట్రైనింగ్‌కి చెన్నై పంపాక, సరిగ్గా ఎనిమిది రోజుల కిందట, లోపల ఆనించి ఉంచిన బంగళాపెంకు ముక్క మీద పెట్టాయి. ఆ కబురు విని అతను హాస్టల్ వరండాలో కేక పెడితే పక్క గదిలోవాళ్ళు లేచి వచ్చారట.

వెళ్ళడానికి పది రోజుల ముందు అతను ఇంకో పని చేశాడు. తొట్టిలో పోసే నీళ్ళు శుద్ధి చేసే పాత ఫిల్టరు పాడైపోతే, "నువ్వు బీఎస్సీవి కదా రుక్కూ, కొత్తది నువ్వే చూసి తీసుకో" అన్నాడు. అతని ప్రాణమంతా ఆ తొట్టిలో ఉంది. దానికి పోసే నీళ్ళు తన చేతిలో పెట్టాడు! రెండు రోజులు రుక్మిణి కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ రోజుల్లో ఎంత చదివిందో! తొట్టిలో నీళ్ళు రోజూ ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. ఎండాకాలం ఫ్యాను కింద రోజుకు నాలుగైదు లీటర్లు తగ్గుతాయి. తగ్గినన్ని మంచినీళ్ళు పోయాలి. ఆ మంచినీళ్ళలో రవ్వంత మలినమున్నా అది ఆవిరి కాదు, పేరుకుపోతుంది. మేడ మీద ఉండే మధు మేనత్త విజయమ్మ, తన వియ్యపురాలి కొడుకు అమ్మే వంటింటి ఫిల్టరు కొనమంది. ఆ అబ్బాయి గ్లాసుడు కుళాయి నీళ్ళలో రెండు ఊచలు ముంచి కరెంటు పెట్టి, నీళ్ళు తుప్పురంగుకు తిరిగాక "చూసిన్రా, మీరు తాగేది ఇదే" అని భయపెట్టాడు. ఆ తుప్పు నీళ్ళది కాదని, ఊచలదని రుక్మిణి నవ్వేసింది. లైటు వెలిగించి క్రిములను చంపే మిషన్ ఉప్పులను తీయదని వద్దంది. వంటింటి ఆర్‌ఓ రుచి కోసం ఖనిజాలను మళ్ళీ కలుపుతుందని వద్దంది. ఆఖరికి రాణీగంజ్‌లో ల్యాబ్ సామాన్ల దుకాణంలో, ఆర్‌ఓ పొర దాటిన నీళ్ళను ఇంకోసారి, మిగిలిన ఉప్పులను పట్టేసే రెజిన్ గొట్టంలోంచి పంపే మిషన్ పట్టుకొచ్చింది. కరిగిన ఉప్పులను కొలిచే అగ్గిపెట్టెంత మీటరు ఆ నీళ్ళలో ముంచితే సున్నా చూపించింది. సున్నా! రుక్మిణి ఆ సున్నాను ముద్దు పెట్టుకున్నంత పని చేసింది.

మిషన్ వచ్చాకే చావులు మొదలయ్యాయి. వారం కిందట నత్తలు అద్దం మీద నుంచి ఒక్కొక్కటే రాలిపోయాయి. పువ్వు పిడికిలిలా ముడుచుకుంది. ఈ రోజు శనివారం, సాయంత్రం అయిదు కావస్తోంది, రొయ్య పోయింది. మధు రేపు పొద్దున వస్తాడు. ఈ వారమంతా ఫోన్లో అతను "ఎట్లున్నయి?" అంటే రుక్మిణి "బాగున్నయి" అంది.

"ఇంకోటి పోయిందా?"

విజయమ్మ మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. రుక్మిణి పిడికిలి మూసింది గాని రొయ్య మీసాలు వేళ్ళ సందుల్లోంచి బయటికే ఉన్నాయి.

"కమలా, ఇటు రా. నేనంటే తప్పు పట్టుకుంటవు గని, మధు ఒక్కడున్నప్పుడు మూడేండ్లు ఆ తొట్ల ఒక్క పురుగు సుత చావలే. ఇప్పుడు చూడు, రోజుకొకటి."

వంటింట్లోంచి అత్తగారు కమలాబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఊకోండి వదినే. పిల్ల అసలే పరేషాన్ల ఉన్నది."

"నేనేమన్న ఇప్పుడు? కొత్తకోడలి కాలు మంచిదా కాదా అని నేను చెప్పాల్నా? తొట్టే చెప్పబట్టె. మంచి మిషన్ తెస్తే వద్దనె, గీ గొట్టాలు తెచ్చి తలిగించె. ఆ గుడ్లు గిట్ట పోయినయనుకో, మధు మొఖం ఎట్ల చూస్తదో ఏమో."

కమలాబాయి ఈసారి ఊకోమనలేదు. రుక్మిణికి తగిలింది అదే. విజయమ్మ మాటలకు ఏడుపొస్తుంది, కోపమొస్తుంది, కాసేపటికి పోతుంది. అత్తమ్మ అట్లా కాదు. పెళ్ళయిన మరునాటి నుంచి పూజగదిలో దీపం రుక్మిణి చేతనే పెట్టిస్తోంది, "నువ్వు పెడితే ఇల్లు కళకళలాడ్తది బిడ్డా" అంటూ. ఈ రోజు పొద్దున మాత్రం స్నానం చేసి వచ్చేసరికి దీపం వెలుగుతోంది. "నేనే పెట్టిన తియ్" అంది ఆమె, ఇటు చూడకుండా.

అప్పటి నుంచి రుక్మిణికి తన పాదాలంటేనే భయంగా ఉంది. హాల్లో నడుస్తుంటే మట్టెల చప్పుడు తనకే పెద్దగా వినపడుతోంది. బీఎస్సీ చదివినదాన్ని, ఇవన్నీ ఉత్త మాటలని తనకు తాను చెప్పుకుంటోంది. అయినా పెంకు మీది గుడ్లు చూసినప్పుడల్లా ఒకటే ఆలోచన. అవి బతకాలి. అవి పోతే ఈ ఇంట్లో తను ఎప్పటికీ ఆ కాలు పెట్టిన కోడలే.

"నేను తెచ్చిన మిషన్‌ల తప్పుంటే తెలుస్తది," అంది లేచి నిలబడి. "జకర్యా సార్‌ను పిలుస్త."

* * *

జకర్యా గారిది పక్కిల్లే. గుంటూరు వైపు మనిషి. ముప్ఫై ఏళ్ళు నీళ్ళ పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు, భార్య మేబెల్‌తో ఉంటున్నారు. ఆదివారం చర్చిలో పాడాల్సిన పాట సాధన చేస్తున్నవారు రుక్మిణి మొహం చూసి ఆపేశారు.

"ఏంటమ్మాయ్, అలా పాలిపోయావేంటి? మేబెల్, నా నల్లసంచి ఇలా ఇయ్యి. ఆ కళ్ళద్దాలు కూడా. అవి కాదు, అక్షరాలు కనబడేవి."

వచ్చి తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అద్దానికి మొహం ఆనించి లోపలికి చూశారు. విజయమ్మ వెళ్ళిపోకుండా సోఫా అంచున కూర్చుంది, తీర్పు వినడానికి వచ్చినట్టు.

"చేపలు తింటున్నాయా?"

"తింటున్నయి సార్. వాటికేం కాలే."

"మరి పోయినవేంటి?"

"ముందు నత్తలు. ఇప్పుడు రొయ్య. పువ్వు నాలుగు రోజుల నుంచి ముడుసుకునే ఉన్నది."

"అంటే ఎముకలున్నవి బాగున్నాయి, ఎముకల్లేనివి పోతున్నాయి." ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "నీ మిషన్ చూపించు."

వంటింటి బాల్కనీలో గోడకు తగిలించిన మూడు తెల్లగొట్టాలను, కింది పొరను, చివరి రెజిన్ గొట్టాన్ని ఆయన ఒక్కొక్కటిగా చూశారు. కుళాయి తిప్పారు. సన్నదారం లాంటి ధార వచ్చింది. మీటరు ముంచారు. సున్నా. ఇంకోసారి ముంచారు. సున్నానే. వాసన చూశారు, నాలుక మీద చుక్క వేసుకున్నారు.

"ఎవరు ఎంచుకున్నారమ్మాయ్ దీన్ని?"

"నేనే సార్."

"బంగారంలాంటి మిషన్. ఆ తొట్టికి ఇదే కావాలి. ఇంకేది కొన్నా తప్పే."

ఒక్క క్షణం! ఆ ఒక్క క్షణంలో రుక్మిణికి కుళాయి ధార కూడా పాట పాడినట్టనిపించింది. విజయమ్మ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. విజయమ్మ పైట సర్దుకుంటోంది.

"సరే, మిషన్ మంచిదే," అన్నారు జకర్యా గారు. "ఇది చుక్క చుక్కగా ఇస్తుంది కదా. బిందెడు నీళ్ళు నిండాలంటే రెండు మూడు గంటలు. పట్టి దేంట్లో పెడతావు?"

రుక్మిణి మొహం వెలిగింది. ఇది చూపించడానికి ఎవరూ దొరక్క ఎన్ని రోజులైందో! బాల్కనీ మూలన పీట మీద తెల్లబట్ట కప్పి ఉంచినదాన్ని రెండు చేతులా ఎత్తి తెచ్చి ఆయన ముందు పెట్టి, బట్ట తీసింది.

రాగి బిందె. తన పెళ్ళిలో అమ్మ పెట్టింది. మధు ఊరెళ్ళిన మరునాడు రుక్మిణి దాన్ని అటక మీద నుంచి దింపించింది. ప్లాస్టిక్ బకెట్ వాసన వస్తోందనిపించి, ఇంత స్వచ్ఛమైన నీళ్ళను దాంట్లో పెట్టబుద్ధి కాలేదు. రాగిలో పెడితే నీళ్ళు ఇంకా శుద్ధి అవుతాయని అల్వాల్‌లో నానమ్మ దగ్గర్నుంచీ వింటున్నదే. మొదటి చుక్కలు ఖాళీ బిందె అడుగున పడుతుంటే టింగ్ టింగ్ మని మోగేవి. రుక్మిణి ఒక్కోసారి కాఫీ గ్లాసు పట్టుకుని ఆ చప్పుడు వింటూ అక్కడే కూర్చునేది. పొద్దున ఎండ బిందె మీద పడి బాల్కనీ గోడంతా నారింజరంగు తిరిగేది, అచ్చం చేపల ఒంటి రంగు.

జకర్యా గారు బిందెలోకి వంగి చూశారు. లోపలి అంచు మీద వేలు రాశారు. అద్దంలా ఉంది.

"రోజూ తోముతావా?"

"రోజూ పొద్దున్నే సార్. చింతపండుతోని."

"లోపల కూడానా?"

"లోపలే ఎక్కువ సార్."

ఆయన నల్లసంచి దగ్గరికి లాక్కున్నారు. సంచిలోంచి మూడు గాజుగొట్టాలు తీశారు. ఒకదాంట్లో మిషన్ నీళ్ళు, రెండోదాంట్లో బిందె నీళ్ళు, మూడోదాంట్లో తొట్టి నీళ్ళు. చిన్నసీసాలోంచి మందు చుక్కలు మూడింట్లోనూ వేసి కదిలించారు.

"రాగి ఉంటే తేనెరంగు వస్తుంది," అన్నారు.

మొదటి గొట్టం తెల్లగానే ఉంది. రెండోది చూస్తుండగానే పచ్చబడి, చిక్కనై, తేనెరంగుకు తిరిగింది. మూడోదాని మీదే ఉన్నాయి రుక్మిణి కళ్ళు. వద్దు, వద్దు అనుకుంది లోపల్లోపల. మూడోది కూడా నెమ్మదిగా పచ్చబడింది.

"నీళ్ళకు ఖాళీగా ఉండటం చేతకాదు అమ్మాయ్," అన్నారాయన, తిట్టినట్టు కాకుండా, క్లాసులో చెప్పినట్టు. "మన కుళాయి నీళ్ళు అప్పటికే కడుపు నిండినవి. బిందెలో పోస్తే రాగిని పెద్దగా ముట్టుకోవు. నువ్వేమో మిషన్‌తో వాటిలో ఉన్నదంతా లాగేశావు. ఇవి ఆకలి నీళ్ళు. దొరికిందల్లా తింటాయి. రాత్రంతా రాగిలో కూర్చోబెట్టావు. పొద్దున్నే చింతపండుతో పైపొర గీకి మళ్ళీ కొత్త రాగి వడ్డించావు."

"మేము తరతరాలు రాగిల నీళ్ళు తాగుతలేమా?" అంది కమలాబాయి.

"మనకేం కాదమ్మా, తాగండి. ఆ నత్తకి, ఆ రొయ్యకి, ఆ పువ్వుకి మాత్రం అది విషం. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన చేపపిల్లకి కూడా. ఎన్నాళ్ళు పోశావమ్మాయ్?"

"ఇరవై రోజులు." రుక్మిణికి తన గొంతు ఎక్కడో పక్కింట్లోంచి వినబడినట్టుంది. "రోజూ పొద్దున రెండు చెంబులు, మాపటికి రెండు చెంబులు."

"నీళ్ళు ఆవిరైపోయాయి. రాగి ఎక్కడికీ పోలేదు."

సోఫా మీంచి విజయమ్మ నిట్టూర్చింది. "విన్నవా కమలా? కాలు కాదంట. చెయ్యంట!"

రుక్మిణి తన చేతులకేసి చూసుకుంది. గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు. కాలు మంచిది కాదంటే ఎవరో పడేసిన నింద అనుకోవచ్చు, ఏడ్చి ఊరుకోవచ్చు. ఇది అట్లా కాదు. కెమిస్ట్రీ చదివింది తను, మీటరు ముంచింది తను. గొట్టం కింద ఎన్నిసార్లు ముంచిందో లెక్కలేదు. బిందెలో ఒక్కసారి కూడా ముంచలేదు. ఊచలు ముంచిన అబ్బాయిని చూసి నవ్విందే! ఆ తుప్పు ఊచలది అని అంత తెలివిగా చెప్పిందే! బిందె కూడా లోహమేనని ఎందుకు తోచలేదు?

వెళ్ళి తొట్టి ముందు కూర్చుంది. మధు భూతద్దం తీసుకుని పెంకు మీదికి వంగి చూసింది. గుడ్లు ఒక్కొక్కటి బియ్యపుగింజలో సగం. నిన్నటిదాకా వాటిలో కళ్ళు నల్లటి చుక్కలు. ఇప్పుడు ప్రతి గుడ్డులోనూ రెండు వెండి మెరుపులు. వందల జతల కళ్ళు ఆమెను చూస్తున్నాయి.

"సార్," అంది భూతద్దం దించి. "కండ్లు వెండిలెక్క మెరిస్తే ఆ రాత్రే పుడతయని మధు చెప్పిండు. దీపాలార్పినంక, చీకట్ల."

"అంటే ఈ రాత్రే, ఈ నీళ్ళల్లోనే." జకర్యా గారు లేచారు. "రాగి తగలని ఉప్పునీళ్ళు ఎక్కడైనా ఉన్నాయా?"

ఉన్నాయి! మధు వెళ్ళేముందు కలిపి, మూతపెట్టి ఉంచిన నీలం డ్రమ్ము ముందు బాల్కనీలో ఉంది. అడుగున ఒక్క బకెట్‌కు సరిపడా మిగిలాయి. ఆయన మందు చుక్క వేసి చూశారు. తెల్లగానే ఉంది.

"పెద్ద చేపలు తట్టుకుంటాయి. పువ్వు సంగతి రేపు చూద్దాం. ఈ ఒక్క బకెట్ గుడ్లకే. చీకటి పడకముందే పెంకు తీసి ఇందులో పెట్టెయ్. గాలి గొట్టం ఒకటి వేద్దాం."

రుక్మిణి చెయ్యి తొట్టి అంచు దాకా వెళ్ళి ఆగింది. ఈ చెయ్యే కదా ఇంత చేసింది! ఇంకోసారి నీళ్ళలో పెడితే ఏమవుతుందో. తడుముకుంటూ సెల్ తీసింది.

* * *

ఫోనెత్తేసరికి మధు చెన్నై సెంట్రల్‌లో ఉన్నాడు. కూలీల అరుపులు, మైకులో మూడు భాషల్లో బండి పేర్లు.

"రుక్కూ! ఇంకో పావుగంటల బండి. నీకొకటి కొన్న, ఏందో చెప్పుకో!"

ఆ సంతోషం వినగానే మాట మింగేయాలనిపించింది. బాగున్నయి, అన్నీ బాగున్నయి. ఒక్క మాట. రేపు పొద్దున దాకా ఎవరికీ తెలియదు. విజయమ్మ కూడా అదే సైగ చేసింది, చెయ్యి ఊపుతూ, ఇప్పుడెందుకు, వచ్చినంక చెప్పొచ్చు అన్నట్టు.

"మధూ, నేను బాగున్నయని అబద్ధం చెప్పిన," అంది రుక్మిణి.

తర్వాత ఆగకుండా అంతా చెప్పేసింది. నత్తలు, రొయ్య, బిందె, చింతపండు, తేనెరంగు. చెప్పడం అయిపోయాక అవతలి నుంచి స్టేషన్ చప్పుడే వినిపించింది. తిడితే బాగుండనిపించింది. అతను ఎన్నడూ తిట్టలేదు. తిడితే ఎలా ఉంటాడో కూడా ఆమెకు తెలియదు. నాలుగు నెలల్లో మనిషి ఎంత తెలుస్తాడు?

"వెండి కండ్లు కనబడ్తున్నయా?" అన్నాడు చివరికి. గొంతు వేరే ఎవరిదో అయింది.

"కనబడ్తున్నయి."

"విను. పెంకు ముట్టుకోకు. మగది గుడ్ల పక్కనే కావలుంటది. అది బెదిరిందంటే గుడ్లన్నీ అదే తినేస్తది. తొట్టి లైటు ఆర్పకు. వెలుతురున్నంత సేపు పుట్టవు. రాత్రంతా వేసే ఉంచు, పొద్దుగాల నేనొచ్చి తీస్త. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు."

"సరే."

"చెయ్యి పెట్టకు రుక్కూ," అన్నాడు మళ్ళీ. ఫోన్ పెట్టేశాడు. ఏం కొన్నాడో చెప్పలేదు.

జకర్యా గారు అంతా విని తల పంకించారు. "పెంచినవాడికి తెలుస్తుంది లెండి. లైటు ఉన్నంతసేపు పర్వాలేదు. నేను బజారుకెళ్ళి ఫిల్టర్ బొగ్గు తెస్తాను, తొట్టిలో వేస్తే కొంత రాగిని పట్టేస్తుంది." చెప్పులేసుకుని వెళ్ళారు.

రుక్మిణి లైటు కింద కాపలా కూర్చుంది. పక్కన బకెట్, అందులో మధు కలిపిన నీళ్ళు. కమలాబాయి టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టి వెనకే నిలబడింది. రుక్మిణి తిరిగి చూడలేదు. మగచేప పెంకు ముందు అటూ ఇటూ తిరుగుతూ రెక్కలతో గుడ్లకు గాలి విసురుతోంది. ఎనిమిది రోజులుగా దానికి వేరే పని లేదు. తను పోసిన ప్రతి చెంబూ దాని మీదుగానే కదా పోయింది.

సాయంత్రం విమానం ఇంటి మీదుగా బేగంపేటకు దిగింది. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. ఆ అదురు ఆగేలోపే కరెంటు పోయింది.

తొట్టి నల్లబడింది. పంపు హోరు ఆగింది. ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉంటుందని రుక్మిణి ఎన్నడూ ఎరుగదు.

లేచి తను కుట్టిన కొత్త కర్టెన్లు రెండు చేతులా లాగేసింది. ఆరున్నర దాటింది. బయట కూడా వెలుగు పల్చబడుతోంది. కింది వీధిలో ఎవరో "గంటదాక రాదంట!" అని అరుస్తున్నారు. మధుకు ఫోన్ చేసింది. అందుబాటులో లేరంది. మళ్ళీ చేసింది. అదే మాట. బండి ఎక్కేశాడు.

"టార్చి ఎక్కడున్నది అత్తమ్మా?"

"పోపుల డబ్బా పక్కన పెట్టినట్టు యాది. ఆగు బిడ్డా, కొవ్వొత్తి సుత కనబడ్తలే."

చెయ్యి పెట్టకు, అన్నాడు. పెట్టకపోతే చీకట్లో పుడతాయి, విషంలో పుడతాయి. పెడితే మగది బెదిరి తినేస్తుంది. తినకపోయినా, రేపు మధు ముందు ఇంకో మాట మీరినదవుతుంది. అమ్మ పెట్టిన బిందె, తను ఎంచుకున్న మిషన్, తను పోసిన నీళ్ళు, ఇప్పుడు తన చెయ్యి. రుక్మిణి తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. ఎంతసేపో తెలియదు. కిటికీలో వేపచెట్టు ఆకులు ఒక్కటొక్కటిగా కనబడకుండా పోయాయి. వంటింట్లో డబ్బాలు చప్పుడవుతున్నాయి. మేడమెట్ల మీద విజయమ్మ చెప్పులు, "నా దగ్గరున్నది టార్చి, తెస్తున్న" అంటూ.

గాజులు తీసి సోఫా మీద విసిరేసింది. చెయ్యి భుజం దాకా నీళ్ళలోకి దించింది.

గోరువెచ్చగా ఉన్నాయి. మునివేళ్ళకు పెంకు గరుకు తగిలింది. ఆ వెంటనే మగచేప బొటనవేలు కింద కొరికింది. అరచేతి పొడవు కూడా లేని చేప, సూది గుచ్చినట్టు కొరికింది. మళ్ళీ వచ్చి మళ్ళీ కొరికింది. రుక్మిణి పెదవి పళ్ళ కింద పెట్టుకుంది. చెయ్యి తీయలేదు. "తినకు," అంది దానితో, "నన్ను కొరుక్కో, వాటిని తినకు." పెంకును రెండు వేళ్ళతో పట్టి ఇసుకలోంచి లేపింది.

"మధు వద్దన్నడు గదనే!" గుమ్మంలోంచి విజయమ్మ అరిచింది. టార్చి వెలుగు గోడ మీద నుంచి జారి వచ్చి తొట్టి అద్దం మీద పడింది. ఆమె అక్కడే ఆగిపోయింది.

టార్చి వెలుగులో నీళ్ళ నిండా వెండి పోగులు. గుడ్ల పొరలు చీల్చుకుని, వెంట్రుక ముక్కల్లా, ఒకటి, పది, ఇరవై, వెలుగు వైపు ఎగబాకుతూ వస్తున్నాయి. పుట్టాయి. పెంకు మీద ఇంకా సగానికి పైగా మెరుస్తూ కదులుతున్నాయి. మిగిలినవి అప్పుడే విషంలో ఈదుతున్నాయి.

"అయ్యో, పిల్లలు..." అంది విజయమ్మ. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే పదును లేదు. ఆమె టార్చిని అద్దం దగ్గరికి తెచ్చింది. టార్చి ఎటు కదిలితే ఆ వెండి పోగులన్నీ అటే తిరిగాయి.

సోఫా మీద గాజుల పక్కన సెల్ మోగింది. కమలాబాయి వచ్చి తీసింది. నీలం వెలుగు ఆమె మొహం మీద పడింది.

"మధు," అంది. మూడోసారి మోగుతున్నా ఎత్తకుండా, ఫోన్ రుక్మిణి వైపు పట్టుకుని నిలబడింది. "ఏం చెప్పాలె బిడ్డా?"

రుక్మిణి చేతిలో పెంకు సగం నీళ్ళ పైన ఉంది, సగం లోపలే ఉంది.